అలుగు లేని చెరువు

కేదారనాథ్ వెళ్లొచ్చామని చెప్పేవాళ్లు మన చుట్టాల్లో ఒక్కరైనా ఉంటారు. గంగ చెంబు, రుద్రాక్షమాల, గుడి ముందు అందరూ వరసగా నిలబడి తీయించుకున్న ఫొటో - ఈ మూడూ లేకుండా ఎవరూ తిరిగి రారు. ఆ ఫొటో ఎప్పుడైనా పరీక్షగా చూశారా? ముందు మంకీ టోపీల్లో మనవాళ్లు, వాళ్ల వెనక రాతిగుడి, గుడి వెనక వెండికొండ. అంతే కదూ! కానీ ఆ గుడికీ ఆ కొండకీ మధ్య ఇంకొకటి కూడా ఉండేది. అది ఏ ఫొటోలోనూ పడలేదు. నేనిప్పుడు చెప్పబోయేది దాని గురించే.

అదొక సరస్సు. అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు చోరాబారి తాల్. 1948 తరవాత వచ్చిన పేరు గాంధీ సరోవరం. గుడి 3,583 మీటర్ల ఎత్తున ఉంటే, సరస్సు ఇంకా పైన, దాదాపు 3,960 మీటర్ల దగ్గర, మన పాత లెక్కలో ఇంచుమించు 13,000 అడుగుల ఎత్తున ఉండేది. గుడి దగ్గర్నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల నడక. పొద్దున్నే కాఫీ తాగి (అక్కడ కాఫీ ఎక్కడిది లెండి, టీ తాగి) బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగి రావచ్చు. అయినా వెళ్లేవాళ్లు బహు తక్కువ. దర్శనం అయింది, ప్రసాదం అందింది, ఇంక దిగిపోదామనే తొందర అందరిదీ. గౌరీకుండం నుంచి పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కి వచ్చిన కాళ్లకి ఇంకో నాలుగు కిలోమీటర్ల మాటే విషంలా ఉంటుంది మరి!

నేనూ వెళ్లేదాన్ని కాదు. వెళ్లానంటే ఆ పుణ్యం మా అత్తగారిది.

2011 దసరా సెలవుల్లో పిల్లల్ని మా చెల్లెలి దగ్గర వదిలేసి, మావారూ నేనూ అత్తగారూ కేదారం వెళ్లాం. ఆవిడది కడప జిల్లాలో పోరుమామిళ్లకి దగ్గరున్న పల్లెటూరు. ఇప్పటికీ పొద్దున లేస్తే పెరడంతా తానే ఊడ్చుకునే మనిషి. గాంధీగారు పోయిన మరుసటి ఏడు పుట్టారు. వాళ్ల నాన్న ఖద్దరు తప్ప కట్టలేదట. మహాత్ముడు పోయాడన్న వార్త వచ్చినరోజు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించలేదని ఆవిడ ఇప్పటికీ తన కళ్లతో చూసినట్టే చెప్తారు.

దర్శనమైన మర్నాడు పొద్దున సత్రం అరుగు మీద కూర్చుని ఉండగా, ముందురోజు అత్తగారిని గుర్రం మీద పైకి తీసుకొచ్చిన కుర్రాడు వచ్చాడు. పదహారు పదిహేడేళ్లు ఉంటాయి. బుగ్గలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. “మాతాజీ, గాంధీ సరోవర్ చూడరా?” అన్నాడు. ఆవిడకి హిందీ ఒక్క ముక్క రాదు. కానీ గాంధీ అన్న మాట ఏ భాషలోనైనా ఒకటే కదా! “ఏమంటాండాడు అమ్మీ?” అని నన్నడిగారు. చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు రాసిన పాపానికి నేను దుబాసీనయ్యాను. గాంధీగారి అస్తికలు కలిపిన చెరువొకటి పైన ఉందట అత్తమ్మా అన్నాను. ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. మావారు మాత్రం రగ్గు నిండా కప్పుకుని, “మీరు చూసొచ్చి చెప్పండి, నాకు చూసినంత పుణ్యం వస్తుంది” అని పక్కకి తిరిగి పడుకున్నారు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. గాంధీగారి చితాభస్మాన్ని 1948 ఫిబ్రవరి 12న ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలిపారని తెలుసు. దేశం నలుమూలలకీ భాగాలు చేసి పంపారనీ, మన హైదరాబాదులో లంగర్‌హౌస్ దగ్గర మూసీ, ఈసా కలిసేచోట నిమజ్జనం చేశారనీ, దాన్నే బాపూఘాట్ అంటున్నామనీ తెలుసు. హైదరాబాదు అప్పటికింకా నిజాం ఏలుబడిలోనే ఉంది. ఒక మనిషి బూడిదకి మాత్రం ఏ సరిహద్దూ అడ్డం రాలేదు. కానీ ఆ ఏడాదే అందులో ఒక భాగం ఇంత ఎత్తుకి, ఈ మంచులోకి వచ్చిందని నాకు ఆ కుర్రాడు చెప్పేవరకూ తెలియదు. చరిత్ర పరీక్షలో మొదటి తరగతి వచ్చిందాన్ని, గుర్రాలు తోలే పిల్లవాడి దగ్గర పాఠం చెప్పించుకున్నాను.

అసలు కేదారం వెళ్లడమంటే ఒకప్పుడు ఎంత పని! ‘కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం’ అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. కాశీకే అంత మాటంటే ఇంక కేదారం సంగతి చెప్పాలా? రిషీకేశం నుంచి రెండువందల కిలోమీటర్లకి పైగా కాలినడక. దారి పొడవునా చట్టీలని చిన్న చిన్న మజిలీలు ఉండేవి. అక్కడ బియ్యం, పప్పు కొనుక్కుని, వండుకు తిని, రాత్రికి పడుకుని, తెల్లారి మళ్లీ నడక. 1962 చైనా యుద్ధం తరవాత సైన్యం కోసమని ఈ కొండల్లో రోడ్లు వేగంగా పెరిగాయి. రోడ్ల వెంట బస్సులు, బస్సుల వెంట మనం. నెలల ప్రయాణం రోజుల్లోకి వచ్చింది. దారి తగ్గినకొద్దీ మనకి ఓపిక కూడా తగ్గిందేమో! నడిచి వచ్చినవాడు దారిలో ప్రతి వాగునీ, ప్రతి మలుపునీ పేరుపెట్టి పలకరించేవాడు. మనం కిటికీలోంచి చూసి నిద్రపోతాం.

సరే, నడక మొదలైంది. గుడి వెనక మందాకిని మీద చిన్న వంతెన దాటితే అక్కడితో మనుషుల గోల ఆగిపోయింది. చెట్టన్నది లేదు. పండిపోయిన గడ్డి, రాళ్లు, రాళ్ల సందుల్లో మంచు నీళ్ల చప్పుడు. నాకు పది అడుగులకోసారి ఆయాసం. అత్తగారు చీర కుచ్చెళ్లు పైకి దోపి, శాలువా నడుముకి బిగించి, చేలో గట్టు మీద నడిచినట్టు నడిచిపోతున్నారు. ఆ కుర్రాడు మధ్యమధ్య ఆగి ఆవిడకి చెయ్యి అందించేవాడు. ఆవిడ తెలుగులో ఏదో అనేవారు. వాడు పహాడీలో ఏదో బదులు చెప్పేవాడు. ఇద్దరికీ బాగానే అర్థమైనట్టుండేది. నా దుబాసీ ఉద్యోగం కాస్తా పోయింది.

దారిలో వాడు కథలు కూడా చెప్పాడు. ధర్మరాజు స్వర్గానికి వెళ్లింది ఇక్కణ్ణించేనని కొందరంటారట. శివుడు సప్తర్షులకి యోగం నేర్పిందీ ఈ నీటి ఒడ్డునేనట. అందుకే కాంతి సరోవరమని ఇంకో పేరు. పాండవులో, రుషులో, గాంధీగారో - ఆ గట్టెక్కి దిగినవాళ్లకి లోటు లేదు.

చివరికి ఒక పెద్ద రాళ్లగట్టు ఎక్కాం. అవతల చెరువు.

నిజం చెప్పొద్దూ, మొదట కొంచెం నిరుత్సాహపడ్డాను. ఎంతో ఊహించుకుని వచ్చాను మరి. నిండా నిండితే దాదాపు 400 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ఉండే సరస్సది. మన లెక్కలో ఇరవై ఎకరాలు. మా అత్తగారి ఊళ్లో అయితే దాన్ని కుంట అంటారు. కానీ ఒక్క నిమిషం నిలబడేసరికి ఆ నిశ్శబ్దం మనసుకి పట్టేసింది. నీలానికీ ఆకుపచ్చకీ మధ్య రంగు. గాలి లేదు. మంచుకొండ తలకిందులుగా నీళ్లలో నిలబడి ఉంది. అత్తగారు వంగి దోసెడు నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నారు. “మా నాయన ఉండింటే...” అని ఆగిపోయారు.

తరవాత ఆవిడ లేచి చెరువు చుట్టూ చూడడం మొదలుపెట్టారు. నేను కొండల్ని చూస్తుంటే ఆవిడ గట్టుని చూస్తున్నారు. ఈ కొసనుంచి ఆ కొసదాకా కళ్లతోనే కొలిచి, నా వైపు తిరిగి అడిగారు. “ఏమ్మీ, ఈ చెరువుకు అలుగు యాడుంది?”

నేను తెల్లమొహం వేశాను. పట్నంలో పుట్టి పెరిగినదాన్ని. చెరువుకి నీళ్లు ఉండాలని తెలుసు కానీ, నీళ్లు పోయే దారి ఉండాలని నాకెవరు చెప్పారు? ఆవిడే చెప్పారు. చెరువన్నాక కట్ట ఉండాలి, పొలానికి నీళ్లు వదలడానికి తూము ఉండాలి, ఎక్కువైన నీళ్లు వాటంతట అవే పొర్లిపోవడానికి అలుగు ఉండాలి. అలుగు లేకపోతే నిండిన చెరువు ఎక్కడ పోతుంది? కట్ట తెంచుకుని పోతుంది. దాన్నే గండి అంటారు.

కుర్రాణ్ణి అడిగాను. వాడు అరచెయ్యి నేలకేసి చూపించి, నీళ్లు అడుగునుంచే పోతాయన్నాడు. ఆవిడకి చెప్పాను. “ఊటతో ఎంత పోతాది? వాన పెద్దదొచ్చిననాడో?” అన్నారు. వాడు నవ్వేశాడు. ఇక్కడ మంచు పడుతుంది మాతాజీ, అంత వాన ఎక్కడ పడుతుంది అన్నాడు. ఆవిడ ఇంకేమీ అనలేదు. దిగుతున్నప్పుడు మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు.

ఆ కట్ట ఎలా వచ్చిందో తరవాత చదివి తెలుసుకున్నాను. హిమానీనదం అంటే గడ్డకట్టిన ఏరు. గడ్డకట్టినా ఏరు ఏరే, కదులుతూనే ఉంటుంది, కంటికి ఆననంత నెమ్మదిగా. కదులుతూ కొండల్ని గీరి, రాళ్లూ ఇసుకా మోసుకొచ్చి, తనకి అటూ ఇటూ కట్టల్లా పోస్తుంది. దాన్నే మొరైన్ అంటారు. కాలం గడిచి మంచు తరిగితే ఏరు కుంగిపోతుంది, కట్ట మాత్రం మిగులుతుంది. చోరాబారి హిమానీనదం అలా వదిలేసిన పక్కగట్టుకీ కొండకీ మధ్య పల్లంలో, కరిగిన మంచూ వాననీరూ చేరి ఈ సరస్సైంది. ఆ కట్టకి మేస్త్రీ లేడు, సున్నం లేదు, రాయికీ రాయికీ పట్టు లేదు. పైనుంచి నీళ్లు పోయే దారి అసలే లేదు. అడుగున ఉన్న సన్నని సందులే దానికి దిక్కు.

అత్తగారి ప్రశ్న అంత మామూలుది కాదని నాకు ఇంకో సంగతి వల్ల తెలిసింది. వాళ్ల ఊరికి దగ్గర్లోనే పోరుమామిళ్ల చెరువుంది. 1369లో, విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు ఏలుతుండగా, ఆయన కొడుకు భాస్కరుడు తవ్వించింది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. అదంతా అక్కడే శాసనం చెక్కించారు. శాసనమంటే రాజుగారి పొగడ్తలే ఉంటాయనుకుంటాం కదా! ఇందులో మంచి చెరువుకి కావలసిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ కూడా వివరంగా చెప్పారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి రాతికట్ట ఉండాలి, పని తెలిసిన కూలీలు ఉండాలి. దోషాల్లో ఒకటి ఏమిటో తెలుసా? కట్టలోంచి నీళ్లు ఊరడం! ఆరున్నర శతాబ్దాల కిందట రాతి మీద రాసుకున్న సంగతి అది. మా అత్తగారు ఆ శాసనం చదవలేదు. ఆ నీళ్లతో పండిన వడ్లు తిని పెరిగారు, అంతే.

2013 జూన్ వచ్చింది.

జూన్ 15 సాయంత్రం ఐదింటినుంచి 16 సాయంత్రం ఐదింటిదాకా చోరాబారి హిమానీనదం దగ్గర 325 మిల్లీమీటర్ల వాన పడింది. మా కడప జిల్లాలో ఏడాది మొత్తం మీద పడేదాంట్లో సగానికి కాస్త తక్కువ, ఒక్క రోజులో! ఈ లెక్క ఎలా తెలిసిందంటే, డెహ్రాడూన్‌లో ఉన్న వాడియా హిమాలయ భూగర్భ శాస్త్ర సంస్థవాళ్లు ఆ హిమానీనదం దగ్గర గుడారం వేసుకుని వానా మంచూ కొలుస్తుండేవాళ్లు. 16వ తేదీ సాయంత్రం ఐదుంపావుకి మొదటి వరద కేదారం ఊరి మీద పడింది. ఆ రాత్రి ఎలాగో గడిచింది. 17వ తేదీ ఉదయం 6 గంటల 45 నిమిషాలకి, పైన నిండిపోయిన సరస్సు కట్ట తెంచుకుంది. ఐదునుంచి పది నిమిషాల్లో సరస్సు మొత్తం ఖాళీ అయిపోయిందని ఆ గుడారంలో ఉన్న సిబ్బంది కళ్లారా చూసి చెప్పారు. మనం కుక్కరు పెట్టి మూడు కూతలు వినేలోపల, ఒక సరస్సు లేకుండా పోయింది.

కిందనున్న సత్రాలు, దుకాణాలు, గుడి వెనకనున్న ఆదిశంకరుల సమాధి అన్నీ కొట్టుకుపోయాయి. దారిలో రాంబాడా అనే మజిలీ ఆనవాలు లేకుండా పోయింది. ఉత్తరాఖండ్ మొత్తం మీద చనిపోయినవాళ్లూ, జాడ తెలియనివాళ్లూ కలిపి ఐదు వేలకి పైనే. ఒక పెద్ద బండరాయి దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా గుడి వెనక ఆగింది. వరద దాన్ని ఢీకొని రెండుగా చీలి, గుడి పక్కలనుంచి పోయింది. గుడి నిలిచింది. ఇప్పుడు దాన్ని భీమశిల అని పూజిస్తున్నారు.

మన రాష్ట్రం వాళ్లు కూడా ఎందరో ఆ దారుల్లో చిక్కుకుపోయారు. ఆ వారమంతా మా ఇంట్లో టీవీ కట్టలేదు. గుడి చుట్టూ బురద, రాళ్లు, మొండిగోడలు. మేం కూర్చున్న సత్రం అరుగు ఏదో పోల్చుకుందామంటే అరుగే లేదు. మూడోరోజో నాలుగోరోజో సరస్సు పేరు టీవీలో మొదటిసారి విన్నాం. అత్తగారు వత్తులు చేసుకుంటూ వింటున్నారు. చేతిలో పత్తి అలాగే ఉండిపోయింది. ‘నేను ఆనాడే చెప్పలేదా’ అని ఆవిడ అంటారని ఎదురుచూశాను. ఆ మాట అనలేదు. “ఆ పిల్లోని పేరేంది అమ్మీ?” అని అడిగారు.

నాకు తెలియదు. చెయ్యి పట్టి పైకి నడిపించి, కథలు చెప్పి, సాయంత్రం దాకా మాతోనే ఉన్న పిల్లవాడి పేరు మేమిద్దరం అడగలేదు. డబ్బులిచ్చాం, చాక్లెట్లిచ్చాం, పేరు అడగలేదు. పేర్లూ తేదీలూ బట్టీపట్టి పట్టా పుచ్చుకున్నదాన్ని నేను! ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే గొంతులో ముద్ద దిగదు.

సరస్సు మళ్లీ రాలేదు. ఇప్పుడక్కడ రాళ్లూ ఇసుకా నిండిన ఎండు గుంట ఉంది. 2019లో సరస్సు మళ్లీ పుట్టిందని ఒక పుకారు లేచి అందరూ హడలిపోయారు. వాడియా సంస్థవాళ్లు అది చోరాబారి కాదని, ఇంకా పైన మంచు మీద నిలిచిన మరో నీటిమడుగని తేల్చారు. కిందనేమో దారి మార్చి మళ్లీ వేశారు. గౌరీకుండం నుంచి ఇప్పుడు పదహారు కిలోమీటర్లు. శంకరుల సమాధి మళ్లీ కట్టి 2021 నవంబరులో విగ్రహం నిలబెట్టారు. యాత్రికులు మునుపటికంటే ఎక్కువగా వస్తున్నారు.

చోరాబారి ఒక్కటే అయితే విధి అని ఊరుకోవచ్చు. 1985 ఆగస్టులో నేపాల్లో డిగ్ షో అనే సరస్సు ఇలాగే తెగి, దాదాపు పూర్తికావచ్చిన చిన్న విద్యుత్ కేంద్రాన్ని ఊడ్చుకుపోయింది. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు పొంగి తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ ఆనకట్టనే ఎత్తుకుపోయింది. మంచు కరిగేకొద్దీ ఇలాంటి సరస్సులు హిమాలయాల్లో పెరుగుతున్నాయి.

అయితే నేపాల్‌వాళ్లు ఒక పని చేశారు. త్సో రోల్పా అనే సరస్సు 4,500 మీటర్ల పైచిలుకు ఎత్తున ప్రమాదంగా నిండుతుంటే, గట్టుకి కాలవ తవ్వి, గేటు పెట్టి, 2000వ సంవత్సరంలో నీటిమట్టం మూడు మీటర్లు దించారు. 2016లో ఎవరెస్టు దగ్గర ఇంజా సరస్సుకి కూడా అలాగే చేశారు. ఈ సంగతి చదివి అత్తగారికి చెప్పాను. చెప్పడానికి పెద్ద పెద్ద మాటలు వెతుక్కుంటున్నాను. ఆవిడ తేలిగ్గా, “అంటే అలుగు పెట్టినారన్నమాట” అన్నారు. అంతే మరి!

మన తెలివికి మనం మురిసిపోనక్కర్లేదు. 2021 నవంబరు 19న మా ఉమ్మడి కడప జిల్లాలోనే చెయ్యేరు వరదకి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, కింద ఊళ్లని ముంచేసింది. నీళ్లు పోవడానికి గేట్లున్న ప్రాజెక్టే అది. శాసనం చెక్కించుకున్న గడ్డ మీదే ఆ పని జరిగింది. తెలిసి ఉండడం వేరు, ప్రతి వానాకాలానికి ముందూ వెళ్లి చూసుకోవడం వేరు.

ఇప్పుడు మా చుట్టాల్లో ఎవరైనా కేదారం వెళ్తున్నామని చెప్పడానికి వస్తే, అత్తగారు బొట్టు పెట్టి, ప్రయాణానికి పులిహోర కట్టిచ్చి, ఒక మాట చెప్తారు. “గుడి ముందరే నిలబడి వచ్చేయొద్దు. ఎనక్కి కూడా పోయి చూసి రండి” అని. వాళ్లు భీమశిల గురించి అనుకుంటారు. నేను ఇంకొక మాట కలుపుతాను. ‘చెయ్యి పట్టి నడిపించినవాళ్ల పేరు అడగండి’ అని.